లింకు లేని పిలుపు

విజయవాడ గవర్నరుపేటలో, మేడ మీద రెండు గదుల్లో, ఒక విద్యా ట్రస్టు నడిచేది. ఇంటర్ మంచి మార్కులతో పాసై, పై చదువుకు ఫీజు కట్టుకోలేని పిల్లల్ని ఏటా కొందరిని ఎంచుకుని చదివించేది. ట్రస్టు వ్యవహారాలు చూసేది ఒక రిటైర్డ్ లెక్కల టీచరు. ఆవిణ్ణి అందరూ మేడం అనే పిలిచేవాళ్ళు. ఆఫీసులో కంప్యూటరు పనంతా చూసుకోవడానికి ఒక కుర్రాడుండేవాడు. బుద్ధిమంతుడు, చురుకైనవాడు. ఏ పూట చెప్పిన పని ఆ పూటే చేసి పెట్టేవాడు.

అంతకుముందు ఏడాది దాకా ఇంటర్వ్యూలకు పిల్లలే విజయవాడ వచ్చేవాళ్ళు. పాడేరు వైపు నుంచి వచ్చే పిల్లలు రాత్రంతా బస్సుల్లో కూర్చుని, తెల్లారి బస్టాండులో మొహం కడుక్కుని, ఆ నిద్రకళ్ళతోనే కమిటీ ముందుకొచ్చేవాళ్ళు. ఛార్జీల కోసం అప్పు చేసిన తండ్రులూ ఉన్నారు. అది చూడలేక మేడం ఆ ఏడాది ఇంటర్వ్యూలు వీడియోలో పెడదామన్నారు. కమిటీలో మిగతా ఇద్దరూ ఎలాగూ ఊళ్ళో ఉండరు. ఒకరు హైదరాబాదులో ఉండే ప్రొఫెసరు గారు, ఇంకొకరు డాలస్‌లో ఉండే డాక్టరు గారు. ట్రస్టు ఖర్చులో సగం డాక్టరు గారిదే.

ఆగస్టులో ఒక శనివారం ఖాయమైంది. మనకు ఉదయం 7 గంటలంటే డాలస్‌లో శుక్రవారం రాత్రి 8:30. ఏడుగురు పిల్లలు, ఒక్కొక్కరికి ఇరవై నిమిషాలు. సోమవారంనాడే కుర్రాడు ఔట్‌లుక్‌లో ఏడు మీటింగులు తయారుచేసి, ఏడుగురికీ ఇన్విటేషన్లు పంపేశాడు. తేదీ, టైము, ట్రస్టు పేరు అన్నీ ఉన్నాయి. ట్రస్టు పేరు మీద జూమ్ ఖాతా అప్పటికింకా తెరవలేదు కాబట్టి లింకు మాత్రం లేదు. ముందు టైము తెలిస్తే పిల్లలు సిద్ధపడతారని అలా చేశాడు. అందులో తప్పేమీ లేదు.

బుధవారం ఖాతా వచ్చింది. దాంతోపాటు ఔట్‌లుక్‌లోకి జూమ్ యాడ్-ఇన్ కూడా వచ్చింది. కుర్రాడి సంతోషం ఇంతా అంతా కాదు. పాత పద్ధతిలో అయితే జూమ్ సైటులోకి వెళ్ళి మీటింగు పెట్టి, లింకు కాపీ చేసి, ఇక్కడికొచ్చి అతికించాలి. కాపీ చేసేటప్పుడు లింకు చివర పాస్‌కోడు ముక్క తెగిపోతే అవతలివాళ్ళు లోపలికి రాలేక తిప్పలు పడాలి. యాడ్-ఇన్‌తో ఆ బాధ లేదు. మీటింగు తెరిచి పైన ఉన్న నీలం గుర్తు నొక్కాడు. యాడ్-ఇన్ తనంతట తానే సర్వరును అడిగి ఒక గది నంబరు తెచ్చుకుంది. స్థలం రాసే గడిలో లింకు వచ్చి కూర్చుంది. కింద మీటింగు నంబరు, పాస్‌కోడు వరసగా పడ్డాయి. రెండో మీటింగు తెరిచాడు, నొక్కాడు, వచ్చింది. పది నిమిషాల్లో ఏడూ అయిపోయాయి.

ప్రతి మీటింగు పైనా ‘సెండ్ అప్‌డేట్’ అని ఒక బటన్ కనబడుతూనే ఉంది. సోమవారమే ఒక మెయిలు పంపాం, బుధవారం ఇంకోటి పంపితే ఇంటర్వ్యూ మారిందేమోనని పిల్లలు కంగారు పడతారు అనుకున్నాడు. క్యాలెండర్ అంటే అందరూ చూసేది ఒకటే కదా, ఇక్కడ పెట్టింది అక్కడ కనబడకుండా ఎక్కడికి పోతుంది అనీ అనుకున్నాడు. బటన్ జోలికి పోకుండా సేవ్ చేసి మూసేశాడు. కమిటీలో ఇద్దరికీ మాత్రం ఏడు లింకులూ ఒక మెయిల్లో రాసి పంపాడు. తన క్యాలెండర్ తెరిచి చూసుకున్నాడు. ఏడు గడులు, ఏడు లింకులు, ముచ్చటగా ఉన్నాయి.

క్యాలెండర్ ఎలా పనిచేస్తుందో ఇక్కడ కాస్త చెప్పుకోవాలి. వేరువేరు సంస్థల క్యాలెండర్లు ఒకదాని మాట ఒకదానికి అర్థమయ్యేలా ఐక్యాలెండర్ అనే పద్ధతిని 1998లో ప్రమాణంగా రాసి, 2009లో సవరించారు. మనం ఇన్విటేషన్ పంపినప్పుడు ఆ పద్ధతిలో రాసిన ఒక చిన్న ఫైలు మెయిలుతోపాటు వెళుతుంది. అందులో ఆ మీటింగుకే చెందిన ఒక గుర్తింపు సంఖ్య, మార్పు ఎన్నోదో చెప్పే వరస సంఖ్య ఉంటాయి. అందుకున్నవాళ్ళ క్యాలెండర్ దాన్ని చదివి తన దగ్గర ఒక ప్రతి రాసుకుంటుంది. ఆ తరవాత అక్కడున్నది వాళ్ళ ప్రతి, ఇక్కడున్నది మన ప్రతి. మన ప్రతిలో ఏం మార్చినా వాళ్ళ దాంట్లో అక్షరం కదలదు. అప్‌డేట్ పంపినప్పుడే, అవతలి క్యాలెండర్ గుర్తింపు సంఖ్య చూసి ఇది ఆ మీటింగేనని పోల్చుకుని, పాత ప్రతి తీసేసి కొత్తది పెట్టుకుంటుంది.

కుర్రాడికి ఈ సంగతి తెలియదు. అతను చూస్తున్నవి ఏడు పూర్తయిన ఇన్విటేషన్లు. పిల్లల ఫోన్లలో ఉన్నవి ఏడు సగం ఇన్విటేషన్లు.

గురువారం మధ్యాహ్నం నుంచి ఫోన్లు మొదలయ్యాయి. “సార్, ఇంటర్వ్యూ లింకు రాలేదండీ” అని గుంటూరు నుంచి ఒక అమ్మాయి. “మా వాడికి టైము వచ్చింది గానీ ఎక్కడ నొక్కాలో లేదండీ” అని ఏలూరు నుంచి ఒక తండ్రి. శుక్రవారం సాయంత్రానికి నలుగురు ఫోన్ చేశారు, ఇద్దరు వాట్సాప్‌లో మెసేజీ పెట్టారు. అడిగినవాళ్ళకి అడిగినట్టు, ఎవరి లింకు వాళ్ళకి వాట్సాప్‌లో పంపించాడు. ఒక్కరి మీదా విసుక్కోలేదు. పిల్లలు మెయిలు సరిగ్గా చూసుకోలేదని అనుకున్నాడే గానీ, ఆరుగురు ఒకటే మాట ఎందుకు అడుగుతున్నారని ఆలోచించలేదు.

మిగిలిన ఒక్క పిల్ల అడగలేదు.

ఆ పిల్లది చింతపల్లి దగ్గర కొండ మీద ఊరు. అల్లూరి సీతారామరాజు జిల్లా. ఇంటి దగ్గర కాఫీ తోట ఉంది, ఆ తోట మీద తినేవాళ్ళు ఐదుగురు ఉన్నారు. పిల్ల గురుకులంలో బైపీసీ చదివి, బీఎస్సీ నర్సింగులో చేరాలని అప్లికేషన్ పెట్టుకుంది. మెయిల్ ఐడీ కాలేజీలో లెక్చరర్ దగ్గరుండి చేయించింది. సోమవారం ఇన్విటేషన్ వచ్చినప్పుడు కింద ‘యస్’ అని కనబడితే నొక్కింది. ఆ నొక్కుడు విజయవాడ చేరింది. కుర్రాడి తెరమీద ఆమె పేరు పక్కన వస్తానన్నట్టు ఆకుపచ్చ గుర్తు పడింది.

శనివారం తెల్లవారుజామున వాన. ఊళ్ళో సిగ్నల్ అందదు. అన్నయ్య బండి మీద చింతపల్లి రోడ్డు దాకా వచ్చి, టవరు అందే చోట మూసి ఉన్న టీ కొట్టు చూరు కింద కూర్చుంది. ఉతికి ఇస్త్రీ చేసిన కాలేజీ యూనిఫాం వేసుకుంది. సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆమె టైము 7:40. ఏడింటి నుంచే ఫోన్ చేతిలో పట్టుకుని ఉంది. 7:30కి క్యాలెండర్ గంట కొట్టి గుర్తుచేసింది. తెరిచి చూసింది: తేదీ, టైము, ట్రస్టు పేరు. కిందికి జరిపింది, ఇంకేమీ లేదు. పెద్దవాళ్ళు వాళ్ళే పిలుస్తారు కాబోలు, ఫోన్ మోగుతుంది అనుకుంది. 7:40 అయింది, 8 అయింది. ఎనిమిదిన్నర దాకా కూర్చుంది.

విజయవాడలో 7:40కి మూడో గది తెరుచుకుంది. కమిటీ ముగ్గురూ పది నిమిషాలు ఎదురుచూశారు. కుర్రాడు ఫోన్ చేస్తే ‘బిజీ’ అనీ, ‘అందుబాటులో లేదు’ అనీ వచ్చింది. ఎనిమిదింటికి నాలుగో పిల్లవాణ్ణి తీసుకున్నారు. మూడో పేరు పక్కన గైర్హాజరు అని పడింది.

అన్నీ అయ్యాక డాక్టరు గారు డాలస్ నుంచి, “ఇంట్లో కూర్చుని రమ్మంటే కూడా రాలేదంటే ఆసక్తి లేదనేగా మేడం? ఆ సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న పిల్లకి ఇచ్చేద్దాం” అన్నారు.

“ఒక్క పూట ఆగండి డాక్టరు గారూ. వస్తానని యస్ నొక్కిన పిల్ల రాలేదంటే ఏమైందో కనుక్కుందాం” అన్నారు మేడం. లైను పెట్టేశాక కుర్రాణ్ణి పిలిచి, “ఆ పిల్లకి వెళ్ళిన ఇన్విటేషన్ ఒకసారి చూపించు బాబూ” అన్నారు.

కుర్రాడు క్యాలెండర్ తెరిచి చూపించాడు. “ఇదిగో మేడం, లింకు, పాస్‌కోడు, అన్నీ ఉన్నాయి.”

“ఇది నీ దగ్గరున్నది. ఆ పిల్ల దగ్గరున్నది చూపించు.”

కుర్రాడికి అర్థం కాలేదు. “రెండూ ఒకటే కదా మేడం.”

“ఒకటో కాదో మనకెలా తెలుస్తుంది? ఆమెకి ఏం పంపామో అది తియ్యి.”

పంపిన మెయిళ్ళ పెట్టె తెరిచాడు. ఆ పిల్ల పేరుతో వెతికాడు. ఒకటే మెయిలుంది. సోమవారం మధ్యాహ్నానిది. తెరిచాడు. తేదీ, టైము, ట్రస్టు పేరు. స్థలం రాసే గడి ఖాళీ. మిగతా ఆరు పేర్లూ వెతికాడు. అవీ అంతే. అతని మొహం పాలిపోయింది. గురువారం నుంచి వచ్చిన ఫోన్లు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి.

“శుభలేఖ కట్టలో మన దగ్గర మిగిలిన కార్డు మీద కల్యాణ మండపం పేరు రాసుకున్నాం” అన్నారు మేడం నెమ్మదిగా. “పంచేసిన కార్డుల మీదికి అది దానంతటది ఎక్కుతుందా బాబూ?”

“అడిగినవాళ్ళందరికీ పంపాను మేడం” అన్నాడు కుర్రాడు, గొంతు పెగల్చుకుని.

“పంపావు, నిజమే. ఫోన్ చేయగలిగిన వాళ్ళు అడిగారు. ఏది అడగాలో తెలిసిన తండ్రులు అడిగారు. ఆ తెలివీ ఆ ధైర్యమూ లేని ఇళ్ళ పిల్లల కోసమే కదా మనం ఈ ట్రస్టు పెట్టుకున్నది? ఇంటర్వ్యూలో మనం ఒక్క ప్రశ్న వెయ్యకముందే, మన ఇన్విటేషనే ఆ పిల్లని ఫెయిల్ చేసేసింది.”

మధ్యాహ్నం కాలేజీ లెక్చరర్ ద్వారా ఆ పిల్ల దొరికింది. “మీరు పిలుస్తారని అక్కడే కూర్చున్నానండీ మేడం. నన్ను తీసుకోలేదేమో అనుకుని వచ్చేశాను” అంది. ఫిర్యాదుగా అనలేదు, జరిగింది చెప్పినట్టు చెప్పింది. మేడం డాక్టరు గారికి మళ్ళీ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత, “రేపు ఉదయం అదే టైముకి కూర్చుందాం మేడం. ఆ పిల్లకి నా తరఫున సారీ చెప్పండి” అన్నారు.

కుర్రాడు మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చున్నాడు. కొత్తగా రాయడం ఎందుకని, శనివారం చివరి ఇంటర్వ్యూ మీటింగు కాపీ చేసి పేరు, తేదీ, టైము మార్చాడు. సెండ్ మీద వేలు పెట్టబోయి ఆగాడు. ముందు తన సొంత జీమెయిల్‌కి పంపుకుని, ఫోన్లో తెరిచి, కొత్తగా పిలుపందుకున్నవాడిలా పైనుంచి కిందిదాకా చదివాడు. పేరు సరే, టైము సరే. లింకు నొక్కి చూస్తే పొద్దుటి పిల్లవాడి గదే తెరుచుకుంది. మీటింగుతోపాటు పాత లింకూ కాపీ అయిపోయింది. ఆ పిల్లవాడి దగ్గర కూడా అదే లింకుంది. వెంటనే ఆ లింకు తీసేసి, యాడ్-ఇన్ మళ్ళీ నొక్కి కొత్త గది తెప్పించాడు. మళ్ళీ తనకు పంపుకున్నాడు, మళ్ళీ నొక్కి చూశాడు. సరిగ్గా ఉంది. అప్పుడు ఆ పిల్లకి పంపాడు.

అంతటితో ఆపలేదు. లెక్చరర్‌కి ఫోన్ చేసి, “మేడం, ఆ అమ్మాయి ఫోన్లో ఇన్విటేషన్ తెరిచి, కనబడినదంతా ఫొటో తీసి పంపమని చెప్పండి” అన్నాడు. గంటకి ఫొటో వచ్చింది. అందులో లింకు ఉంది. శనివారం ఉదయం ఎక్కడ కూర్చుందో కనుక్కుని, ఆదివారం అక్కడ కూర్చోనక్కర్లేకుండా కాలేజీలో ఒక గది తెరిపించమని లెక్చరర్‌ని అడిగాడు.

ఆదివారం ఆ పిల్ల ఇరవై నిమిషాల బదులు ముప్ఫై నిమిషాలు మాట్లాడింది. తమ ఊళ్ళో పురుళ్ళు ఎలా జరుగుతాయో, వానాకాలంలో మనిషిని ఆసుపత్రికి ఎలా మోసుకెళతారో, తను నర్సు కావాలని ఎందుకనుకుందో చెప్పింది. ట్రస్టు ఆ ఏడాది చదివించిన పిల్లల్లో ఆమె ఒకతె అయింది. ఆ మరుసటి ఏడు నుంచి ట్రస్టులో ఒక రివాజు ఏర్పడింది. ‘లింకు పంపాం’ అని ఎవరూ చెప్పకూడదు. ‘లింకు అందింది, తెరిచి చూశారు’ అనే చెప్పాలి.

నీతి

పిలుపు పూర్తయిందో లేదో చూడాల్సింది పిలిచినవాడి దగ్గర కాదు, పిలుపందుకున్నవాడి చేతిలో.

మీటింగులకు లింకులు చేర్చే యాడ్-ఇన్‌లు నిజంగా గొప్ప సాయం. లింకు కాపీ చేసి అతికించే రోజుల్లో జరిగే పొరపాట్లు చాలావరకు వాటితో పోయాయి. కానీ అవి సులువు చేసింది పంపేవాడి పనిని. పని సులువైనకొద్దీ అది అయిపోయిందన్న నమ్మకమూ త్వరగా వస్తుంది. కుర్రాడు సోమరి కాదు, అశ్రద్ధ చేసినవాడూ కాదు. తన తెరమీద నిండుగా కనబడినదాన్ని అవతలివాడి తెరమీద కూడా ఉన్నట్టు లెక్కేసుకున్నాడు, అంతే. ఆ లెక్క మనమందరం రోజూ వేస్తూనే ఉంటాం.

వీడియోలో పదిమందిని పిలిచే ప్రతివాళ్ళూ కొన్ని అలవాట్లు చేసుకోవాలి. ఇన్విటేషన్‌లో ఏ చిన్న మార్పు చేసినా, లింకు చేర్చినా తీసినా, అప్‌డేట్ పంపాలి. పిల్లలు కంగారు పడతారన్న భయం ఉంటే ‘టైము మారలేదు, లింకు మాత్రమే చేర్చాం’ అని ఒక ముక్క రాస్తే సరిపోతుంది. పాత మీటింగు కాపీ చేస్తే పాత లింకు తీసేసి కొత్తది తెప్పించుకోవాలి. వీడియో లింకుకంటూ ప్రత్యేకంగా ఒక చోటును ఐక్యాలెండర్ పద్ధతిలో 2016లోనే చేర్చారు. అయినా అన్ని క్యాలెండర్లూ లింకును ఒకేలా చూపించవు. ఒకదాంట్లో పెద్ద బటన్‌గా కనబడేది ఇంకోదాంట్లో స్థలం గడిలో పొడుగాటి అక్షరాల వరసగా ఉంటుంది. అందుకని వేరే ఖాతాకు పంపుకుని, ఫోన్లో తెరిచి, నొక్కి చూసుకోవాలి. గదికి వెయిటింగ్ రూమ్ పెట్టి ఉంటే, వచ్చినవాళ్ళని లోపలికి తీసుకునే మనిషి మీటింగు టైముకంటే ముందే అక్కడ ఉండాలి. వీటన్నిటికీ కలిపి పది నిమిషాలు పట్టదు.

వీటన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. పిలుపులో లోపముంటే చదువూ చనువూ ఉన్నవాళ్ళు ఫోన్ చేసి సరిచేయించుకుంటారు. ఆఫీసులో పైవాడు వెంటనే కబురు పెడతాడు. అడగడానికి జంకే కొత్త ఉద్యోగి, ఊళ్ళో ఉన్న ముసలి తండ్రి, మొదటిసారి మెయిలు తెరిచిన విద్యార్థి తమకే ఏదో తెలియడం లేదనుకుని ఊరుకుంటారు. మన పొరపాటు తిరిగి తిరిగి వాళ్ళ తప్పుగా లెక్కలోకి ఎక్కుతుంది. ఎవరూ ఫోన్ చేయలేదంటే అన్నీ సవ్యంగా ఉన్నాయని అనుకోకూడదు. నలుగురు ఒకటే ప్రశ్న అడిగారంటే, ఆ నలుగురికి జవాబిచ్చి ఊరుకోకూడదు. అడగనివాళ్ళు ఎవరెవరున్నారో వెతికి మరీ చెప్పాలి.

గైర్హాజరు అని ఎవరి పేరు పక్కనైనా రాసేముందు, వాళ్ళకు మనం పంపిన పిలుపును ఒకసారి తెరిచి చదవాలి. రావడానికి దారి చూపించి పిలిచామా లేదా అన్నది తేలాకే, రాలేదని ఒకరిని తప్పుపట్టే హక్కు మనకు వస్తుంది.